గ్రాండ్ కాన్యన్ అంచున నిలబడే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లబోతున్న తల్లిదండ్రులు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి రాసిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువగా కనిపించిన పేరు గ్రాండ్ కాన్యన్. అరిజోనా రాష్ట్రంలో కొలరాడో నది కోసుకుంటూ పోయిన ఈ లోయ పొడవు 446 కిలోమీటర్లు. లోతు 1,800 మీటర్లు దాటే చోట్లున్నాయి, వెడల్పు గరిష్ఠంగా 29 కిలోమీటర్లు ఉంటుంది. 1919లో దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు, 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి ఈ నెల శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి ఫీనిక్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్‌లో మేమిద్దరం వాడి దగ్గరకు వెళ్తున్నాం. పొద్దున్నే బయలుదేరి, పది వ్యూపాయింట్లు చూపించి, రాత్రికి ఇంటికి తీసుకొచ్చేస్తానని అంటున్నాడు. నాకు మోకాళ్ల నొప్పులున్నాయి. ఒక్క రోజు చాలుతుందా? ఏవి చూడాలి, ఏవి వదిలేయవచ్చు?
– ఒక గృహిణి, నరసన్నపేట

జవాబు: అమ్మా, ఒక్క రోజు చాలదు. ఫీనిక్స్ నుంచి పార్కు దక్షిణ అంచుకు దాదాపు 370 కిలోమీటర్లు, కారులో మూడున్నర గంటల ప్రయాణం. ఆరింటికి ఇల్లు వదిలినా, దారిలో టిఫిను, గేటు దగ్గర వరుస, పార్కింగ్ వెతుకులాట అన్నీ కలిసి పది దాటిపోతుంది. రాత్రికి తిరిగి చేరాలంటే సాయంత్రం నాలుగైదింటికల్లా వెనుదిరగాలి. అంటే లోయను చూడటానికి ఏమాత్రం అనుకూలం కాని వేళలోనే మీరు అక్కడ ఉంటారు. దక్షిణ అంచు మీద నిలబడితే మన ముఖం ఉత్తరానికి ఉంటుంది, లోయ స్థూలంగా తూర్పు పడమరలుగా సాగుతుంది. పొద్దున, సాయంత్రం వెలుతురు పక్క నుంచి ఏటవాలుగా పడి ఒక్కొక్క రాతి పొర అంచునూ విడదీసి చూపిస్తుంది. నడిమధ్యాహ్నం ఎండ నిట్టనిలువుగా పడటం వల్ల నీడలు ఉండవు, నీడలు లేకపోతే లోతు తెలియదు, రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఇంత దూరం వెళ్లి ఆ వెలిసిన దృశ్యాన్నే కంటి నిండా నింపుకొని రావడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

కాబట్టి ఒక్క రాత్రి అక్కడ బస చేసే ఏర్పాటు చేయమని అబ్బాయికి చెప్పండి. పార్కు లోపలి గ్రామంలో లాడ్జిలున్నాయి కానీ వాటిని చాలా నెలల ముందే బుక్ చేసుకోవాలి. దొరకకపోతే దక్షిణ గేటు బయట టుసాయాన్ అనే చిన్న ఊళ్లో హోటళ్లున్నాయి. మధ్యాహ్నం దాటాక చేరుకుని, మొదట మాథర్ పాయింట్ చూడండి. విజిటర్ సెంటర్ పక్కనే ఉండటం వల్ల అక్కడ జనం ఎక్కువ, అయినా మొదటిసారి చూసేవారికి లోయ విస్తీర్ణం అంతా ఒక్కసారిగా అర్థమయ్యేది అక్కడే. దారి చదునుగా, గట్టిగా వేసి ఉంటుంది కాబట్టి మోకాళ్లకు ఇబ్బంది ఉండదు. ఆ తర్వాత పడమటి వైపు హెర్మిట్ రోడ్డులోకి వెళ్లండి. మార్చి 1 నుంచి నవంబరు 30 వరకు ఆ రోడ్డులోకి సొంత కార్లను అనుమతించరు, పార్కువారి ఉచిత షటిల్ బస్సులోనే వెళ్లాలి. నడవడం కష్టమైనవారి కోసం మాత్రం ఒక మినహాయింపు ఉంది. గేటు దగ్గర గానీ విజిటర్ సెంటర్‌లో గానీ సీనిక్ డ్రైవ్ యాక్సెసిబిలిటీ పర్మిట్ అడిగితే ఇస్తారు, దాన్ని అద్దం దగ్గర పెట్టుకుని మీ కారులోనే హెర్మిట్ రోడ్డుకూ, తూర్పు వైపున్న యాకీ పాయింట్‌కూ వెళ్లవచ్చు. ఈ సదుపాయం సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. మీరే అడిగించండి.

హెర్మిట్ రోడ్డులో తొమ్మిది చోట్ల ఆగవచ్చు గానీ అన్నింటా దిగి ఎక్కవలసిన పని లేదు. సూర్యాస్తమయానికి కనీసం గంట ముందు హోపీ పాయింట్‌కు చేరి అక్కడే కూర్చోండి. ఆ రాతి మొన లోయలోకి బాగా ముందుకు చొచ్చుకుని ఉండటం వల్ల తూర్పు, పడమర రెండు వైపులా చాలా దూరం కనిపిస్తుంది. జూన్‌లో అక్కడ సూర్యుడు అస్తమించేది రాత్రి ఏడూముప్పావు ప్రాంతంలో. ఆ గంటలో ఎదుటి గోడ మీద పసుపు రంగు నారింజలోకి, నారింజ ఇటుక ఎరుపులోకి, ఆ ఎరుపు ఊదాలోకి మారుతుంది. నీడ అడుగు నుంచి ఒక్కొక్క పొరనూ మింగుతూ పైకి వస్తుంది. పది వ్యూపాయింట్లలో పది ఫోటోలు తీసుకున్నా దొరకనిది ఇదే. మీ అబ్బాయికి నా తరఫున గట్టిగా చెప్పండి: స్థలాల సంఖ్య తగ్గించి, ఒక్కొక్క చోట కూర్చునే సమయం పెంచమని.

మర్నాడు తూర్పు వైపు డెజర్ట్ వ్యూ రోడ్డులో వెళ్లండి, దాదాపు 40 కిలోమీటర్లు. ఇందులో మీ కారు ఏడాది పొడవునా వెళ్తుంది. గ్రాండ్‌వ్యూ, మోరాన్, లిపాన్, చివరికి డెజర్ట్ వ్యూ వస్తాయి. ఒక్కటే ఎంచుకోమంటే నేను లిపాన్ పాయింట్ అంటాను. మిగతా చాలాచోట్ల నది ఒక సన్నని దారంలా ఎక్కడో తళుక్కుమని మాయమవుతుంది, కొన్నిచోట్ల అసలు కనిపించదు. లిపాన్ నుంచి మాత్రం అది పెద్ద వంపు తిరుగుతూ కనుచూపు మేర సాగుతుంది. డెజర్ట్ వ్యూ దగ్గర 1932లో మేరీ కోల్టర్ అనే వాస్తుశిల్పి కట్టించిన 21 మీటర్ల రాతి బురుజు ఉంది. లోపలి గోడల మీద హోపీ అనే స్థానిక ఆదివాసీ తెగకు చెందిన చిత్రకారుడు ఫ్రెడ్ కబోటీ వేసిన చిత్రాలున్నాయి. మెట్లు ఎక్కలేకపోయినా కింది గది నుంచే కొంత చూడవచ్చు. అక్కడి నుంచి వెనక్కి రాకుండా తూర్పు గేటు గుండా బయటపడి, కామెరన్, ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా ఫీనిక్స్ చేరుకోవచ్చు.

ప్రశ్న: ముప్ఫై ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పాను. మా అమ్మాయి పంపిన ఫోటోల్లో రంగు రంగుల చారలు కనిపిస్తున్నాయి. అంచు మీద నిలబడి చూసేటప్పుడు ఏ పొర ఏమిటో ఎలా గుర్తుపట్టాలి? మన నాగావళి, వంశధార ఎన్ని వరదలు వచ్చినా ఇలాంటి లోయను ఎందుకు తవ్వలేదు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: మాస్టారూ, మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. నది కోయాలంటే దానికి వాలు కావాలి. నాగావళి, వంశధార కనుమలు దిగి మైదానంలోకి వచ్చేసరికి సముద్రం దగ్గరపడుతుంది, వాలు తగ్గిపోతుంది, తెచ్చిన మట్టిని, ఇసుకను అవి పరుచుకుంటూ పోతాయి. కొలరాడో నది పారుతున్నది భూగర్భ బలాల వల్ల పైకి లేచిన ఒక పెద్ద పీఠభూమి మీద. అంత ఎత్తు నుంచి సముద్ర మట్టానికి దిగవలసిన నది, రాళ్లను, ఇసుకను ఈడ్చుకుంటూ తన అడుగును తానే అరగదీసుకుంది. ఇప్పుడు కనిపిస్తున్న లోయలో ఎక్కువ భాగం గత యాభై, అరవై లక్షల ఏళ్లలో తయారైందని భూవిజ్ఞానులు అంటారు. లోతు నది పనే. వెడల్పు మాత్రం వాన, పక్క వాగులు, రాతి పగుళ్లలో నీరు గడ్డకట్టి పెళ్లలు ఊడిపడటం వంటివన్నీ కలిసి చేసినది. గట్టి పొరలు నిట్టనిలువు గోడలుగా నిలిచాయి, మెత్తని పొరలు అరిగి ఏటవాలుగా మారాయి. లోయ పక్కలు మెట్లు మెట్లుగా కనిపించడానికి కారణం ఇదే.

ఇక పొరలు. మీరు నిలబడే రాయి పేరు కైబాబ్ సున్నపురాయి, వయసు 27 కోట్ల ఏళ్లు. సముద్ర మట్టానికి 2,100 మీటర్ల ఎత్తున ఉన్నా, అందులో దొరికేవి సముద్ర జీవుల శిలాజాలు. దాని కిందుగా చూపు దించితే, చుట్టూ దాదాపు ఒకే మందంలో సాగే తెల్లని, లేత మీగడ రంగు చార కనిపిస్తుంది. అది కొకొనీనో ఇసుకరాయి, ఒకప్పటి ఎడారి ఇసుక దిబ్బలు గట్టిపడగా ఏర్పడినది. ఇంకా కిందికి వస్తే ఎర్రని ఏటవాలు పొరలు, వాటి కింద 150 మీటర్ల ఎత్తున నిలువుగా లేచిన ఎర్ర గోడ ఉంటాయి. ఆ గోడ పేరు రెడ్‌వాల్ సున్నపురాయి. నిజానికి ఆ రాయి లోపల బూడిద రంగులో ఉంటుంది, పై పొరల నుంచి వాన నీటితో కారిన ఇనుప తుప్పు పూత వల్ల ఎర్రగా కనిపిస్తుంది. దానికి దిగువన ఆకుపచ్చ ఛాయ గల వెడల్పాటి తిన్నె, ఆ తిన్నె మధ్యలో మళ్లీ లోతుగా, నల్లగా, పొరలు లేకుండా గరుకుగా ఉన్న ఇరుకు లోయ. ఈ నల్లరాయి 170 కోట్ల ఏళ్లకు పైబడినది, పేరు విష్ణు శిస్టు; శిస్టు అంటే వేడికి, ఒత్తిడికి మారిపోయిన రాయి.

ఆ పేరు మన పాఠకులను తప్పక ఆకర్షిస్తుంది. 1880ల ప్రాంతంలో ఈ లోయను సర్వే చేసిన అమెరికా భూవిజ్ఞాని క్లారెన్స్ డటన్, లోయ మధ్య గోపురాల్లా నిలిచిన శిఖరాలకు ప్రపంచ మతాల దేవతల పేర్లు పెట్టే ఒరవడిని ప్రారంభించారు. అందుకే పార్కు పటంలో విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్, బుద్ధ టెంపుల్, రామ ష్రైన్, కృష్ణ ష్రైన్ అన్న పేర్లు కనిపిస్తాయి. అవి గుళ్లు కావు, రాతి శిఖరాలు. శివ టెంపుల్ హోపీ పాయింట్ నుంచి, బ్రహ్మ టెంపుల్ యాకీ, యవపాయ్ పాయింట్ల నుంచి బాగా కనిపిస్తాయి.

మీరు తప్పక ఆగి చూడవలసిన చోటు ఇంకొకటి ఉంది. ఆ నల్లరాయి పైన, ఆకుపచ్చ తిన్నె అంచున, గోధుమ రంగులో టేపీట్స్ ఇసుకరాయి అనే సన్నని గట్టు కనిపిస్తుంది. దాని వయసు 50 కోట్ల ఏళ్లకు కాస్త ఎక్కువ. దాని కిందనే 170 కోట్ల ఏళ్ల రాయి. ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉన్న ఈ రెంటి మధ్య దాదాపు 120 కోట్ల ఏళ్ల చరిత్ర లేదు, ఆ కాలపు రాళ్లు అక్కడ అరిగి కొట్టుకుపోయాయి. తిరుమల ఘాట్ రోడ్డు మీద భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ బోర్డు పెట్టి జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించిన ఎపార్కియన్ అసమవిన్యాసం (పాత, కొత్త రాళ్ల మధ్య ఇలాంటి కాలపు ఖాళీనే అసమవిన్యాసం అంటారు) కూడా ఇదే జాతికి చెందినది, అక్కడ పాత గ్రానైట్ మీద కడప పొరల రాళ్లు కూర్చున్నాయి. మీరు కొండెక్కేటప్పుడు దాన్ని చూసి ఉంటే, అమెరికాలో గుర్తుపట్టడం తేలిక.

యవపాయ్ పాయింట్ దగ్గరి భూవిజ్ఞాన మ్యూజియం నుంచి గ్రామం వైపు సాగే ట్రైల్ ఆఫ్ టైమ్ అనే కాలిబాట మీద నడవండి. ఒక్కొక్క మీటరును పది లక్షల ఏళ్లుగా లెక్కగట్టి నేలలో గుర్తులు బిగించారు, ఆయా వయసు దగ్గర లోయలోని అసలు రాళ్లను తెచ్చి నిలబెట్టారు, చేత్తో తాకవచ్చు. ముందు మ్యూజియం కిటికీ దగ్గర పొరల పేర్లు చదివి, తర్వాత ఈ దారి పట్టండి.

ప్రశ్న: అంచు మీద కాళ్లు వేలాడేసి కూర్చున్న మా బంధువుల ఫోటోలు చూసి భయమేసింది. అక్కడ రెయిలింగు ఉండదా? ఏడేళ్ల మనవడిని తీసుకెళ్లడం మంచిదేనా?
– ఒక తాతగారు, సాలూరు

జవాబు: మీ భయం న్యాయమైనది, దాన్ని వదులుకోకండి. ముఖ్యమైన వ్యూపాయింట్లలో కొంత మేర రెయిలింగు ఉంటుంది. వందల కిలోమీటర్ల అంచుకు కంచె కట్టడం సాధ్యం కాదు కాబట్టి మిగతా చోట్ల ఏమీ ఉండదు. రెయిలింగు ఉన్నచోట కూడా దాన్ని దాటి పక్క రాతి మీదికి వెళ్లేవారు ఉంటారు. వారిని చూసి మనమూ వెళ్లకూడదు. పార్కు వారి సూచన స్పష్టంగా ఉంది: అంచుకు కనీసం ఆరు అడుగుల దూరంలో ఉండాలి.

ప్రమాదం ఎలా జరుగుతుందో పెద్దలు తెలుసుకుంటే పిల్లలను కాపాడటం తేలిక. పైనున్న సున్నపురాయి మీద అరిగిన సన్న కంకర, ధూళి పరుచుకుని ఉంటాయి. రాయి గట్టిదే, కాలు మాత్రం ఆ కంకర మీద జారుతుంది. ఫోటో కోసం ఎదుటి మనిషి చెప్పినట్టు వెనక్కి వెనక్కి అడుగులు వేయడం, ఫోన్ తెరలో చూస్తూ నడవడం, ఎగిరిపోతున్న టోపీ కోసం చటుక్కున చెయ్యి చాచడం అక్కడ చేయకూడని పనులు. గాలి ఉన్నట్టుండి విసురుగా వస్తుంది. మన ఆడవారు చీరలో వెళ్లదలిస్తే కుచ్చిళ్లు పాదాల కింద పడకుండా కాస్త ఎత్తి కట్టుకోవాలి, పైట పిన్ను పెట్టుకోవాలి. రబ్బరు చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉండి అడుగున గట్లున్న బూట్లు వేసుకోవాలి. చలికాలంలో వెళ్లేవారికి మంచు గడ్డకట్టిన కాలిబాటలు మరింత ప్రమాదకరం.

మనవడిని తప్పక తీసుకెళ్లండి. మాథర్ పాయింట్‌లోను, యవపాయ్ మ్యూజియంలోను వాడికి చూడటానికి చాలా ఉంది. మ్యూజియం పెద్ద అద్దాల వెనక నుంచి లోయను ఎంతసేపైనా నిర్భయంగా చూడవచ్చు. అంచు వెంబడి నడిచేటప్పుడు మాత్రం వాడి చెయ్యి ఒక్క పెద్ద మనిషి చేతిలోనే ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. అందరూ చూసుకుంటున్నారులే అనుకున్నప్పుడే ఎవరూ చూడకుండా పోతారు.

ఆకాశంలో కాండర్లు తిరుగుతుంటే వాడికి చూపించండి. అంతరించిపోయే దశకు వచ్చిన ఈ పెద్ద రాబందులను 1996 నుంచి ఉత్తర అరిజోనాలో తిరిగి వదులుతున్నారు. రెక్కలు చాస్తే దాదాపు తొమ్మిదిన్నర అడుగులు, రెక్కల మీద అంకెల బిళ్లలు కూడా కనిపిస్తాయి. నది కనిపించగానే నాణెం వేసి దండం పెట్టే అలవాటు మనది, కానీ ఇక్కడ లోయలోకి ఏదీ విసరకూడదు. కింద దారుల్లో మనుషులు నడుస్తుంటారు, మెరిసే చిన్న వస్తువులను కాండర్లు మింగేస్తాయి.

ప్రశ్న: నాకు బీపీ, మా ఆవిడకు ఆయాసం. అక్కడ ఎత్తు వల్ల ఇబ్బంది ఉంటుందా? కొంచెం దూరం లోయలోకి దిగి రావచ్చా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: మన తూర్పు కనుమల్లోని అత్యున్నత శిఖరాలు 1,700 మీటర్ల లోపే ఉంటాయి, మనకు బాగా తెలిసిన మహేంద్రగిరి 1,501 మీటర్లు. గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచు దాదాపు 2,100 మీటర్లు, ఉత్తర అంచు 2,400 మీటర్లకు పైనే. సముద్రానికి దగ్గరగా, పల్లంలో జీవితమంతా గడిపినవారికి ఆ ఎత్తున నాలుగడుగులు వేగంగా వేస్తే రొప్పు రావడం సహజం. బయలుదేరే ముందు ఇద్దరూ డాక్టరు గారిని కలిసి, ఈ ఎత్తు సంగతి చెప్పి, సలహా తీసుకోండి. మందులు, ఇన్‌హేలరు కారులో వదిలేయకుండా చేతి సంచిలోనే ఉంచుకోండి. మొదటి రోజు నడక తగ్గించి, దాహం వేయకపోయినా కొద్దికొద్దిగా నీళ్లు తాగుతూ ఉండండి.

జూన్‌లో అంచు మీద పగలు 27 డిగ్రీల ప్రాంతంలో హాయిగా ఉంటుంది, తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకు పడిపోతుంది కాబట్టి సూర్యోదయానికి స్వెటరు, శాలువా కావాలి. ఈ హాయి చూసే చాలామంది మోసపోతారు. లోయలోకి దిగినకొద్దీ వేడి పెరుగుతుంది, వేసవిలో అడుగున 38 డిగ్రీలు దాటడం మామూలే. మన కొండ గుళ్లకు ముందు ఎక్కి, అలసిపోయాక దిగుతాం. ఇక్కడ ముందు దిగుతాం, బలం అయిపోయాక, ఎండ ముదిరాక, ఎక్కాలి. మీ ఇద్దరి ఆరోగ్యం దృష్ట్యా దిగకండి. అంచు వెంబడి చదునైన రిమ్ ట్రైల్ చాలా దూరం ఉంది, ఓపిక ఉన్నంత నడిచి, ఏదో ఒక షటిల్ స్టాపు దగ్గర బస్సెక్కి వెనక్కి రావచ్చు. జూలై నుంచి సెప్టెంబరు మధ్య వరకు మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడతాయి. ఉరుము వినబడిన వెంటనే అంచు వదిలి బస్సులోకో, భవనంలోకో వెళ్లాలి.

ప్రశ్న: లాస్ వేగస్ నుంచి ఒక టూరు వాళ్లు గ్రాండ్ కాన్యన్ చూపిస్తామని, గాజు వంతెన ఎక్కిస్తామని చెప్తున్నారు. అది మీరు చెప్పే పార్కేనా?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: కాదు. స్కైవాక్ అనే ఆ గాజు వంతెన గ్రాండ్ కాన్యన్ వెస్ట్ అనే చోట, హువాలపాయ్ తెగ వారి సొంత భూమి మీద ఉంది. 2007లో ప్రారంభమైంది. లోయ అదే, యాజమాన్యం వేరు, టికెట్టు వేరు. జాతీయ పార్కు పాసు అక్కడ చెల్లదు. వేగస్ నుంచి రెండు, రెండున్నర గంటల్లో చేరుకోవచ్చు కాబట్టి టూరు వాళ్లు దాన్నే ఎక్కువగా అమ్ముతారు. జాతీయ పార్కు దక్షిణ అంచుకు వేగస్ నుంచి నాలుగున్నర గంటల ప్రయాణం. సమయం ఒక్కదానికే ఉంటే, నేను దక్షిణ అంచుకే ఓటు వేస్తాను: అక్కడ లోయ మరింత వెడల్పుగా, శిఖరాలతో నిండుగా ఉంటుంది, అంచు వెంబడి మీ ఇష్టం వచ్చినంత సేపు గడపవచ్చు. డబ్బు కట్టే ముందు, వెస్ట్ రిమ్‌కా, సౌత్ రిమ్‌కా అని స్పష్టంగా అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మా చెల్లెలు కుటుంబం డెన్వర్‌లో ఉంటుంది. అక్కడికి గ్రాండ్ కాన్యన్ చాలా దూరమంటున్నారు. దగ్గరలో అలాంటిది ఉందా? గ్రానైట్ వ్యాపారంలో ఉన్నాను, రాళ్లంటే ఆసక్తి.
– ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: మీ వృత్తికి గ్రాండ్ కాన్యన్ కన్నా బాగా నప్పే లోయ కొలరాడో రాష్ట్రంలోనే ఉంది. పేరు బ్లాక్ కాన్యన్ ఆఫ్ ది గన్నిసన్. మాంట్‌రోజ్ పట్టణానికి దగ్గరలో ఉంది. డెన్వర్ నుంచి కారులో అయిదారు గంటలు పడుతుంది, ఒక రాత్రి బస తప్పదు. 1999లో జాతీయ పార్కు అయింది. గ్రాండ్ కాన్యన్ విశాలంగా తెరుచుకుంటుంది, ఇది నిటారుగా, ఇరుకుగా, చీకటిగా ఉంటుంది. గన్నిసన్ నది బాగా గట్టి రాతిని వేగంగా కోసింది, పక్కలు అరిగి వెడల్పయ్యే తీరిక దొరకలేదు. కొన్నిచోట్ల లోయ లోతు వెడల్పును మించిపోతుంది. అందువల్ల గ్రాండ్ కాన్యన్‌లో దూరం నుంచి లీలగా కనిపించే నది, ఇక్కడ సరిగ్గా మీ కాళ్ల కింద తెల్లగా నురగలు కక్కుతూ కనిపిస్తుంది, దాని హోరు పైకి వినిపిస్తుంది.

దక్షిణ అంచు రోడ్డు వెంబడి వ్యూపాయింట్లు వరుసగా ఉన్నాయి, చాలా వాటికి కారు దిగి కొద్ది దూరం నడవాలి. గన్నిసన్ పాయింట్, కాజమ్ వ్యూ, పెయింటెడ్ వాల్ వ్యూ వదలకండి. పెయింటెడ్ వాల్ దాదాపు 685 మీటర్ల ఎత్తున్న ఒకే నిలువు రాతి గోడ, కొలరాడో రాష్ట్రంలోకెల్లా ఎత్తైనది. నల్లని గోడ మీద లేత గులాబీ, తెలుపు రంగుల్లో మెలికలు తిరిగిన చారలు కనిపిస్తాయి. భూమి లోతుల్లో ఈ రాయి పగుళ్లలోకి కరిగిన శిలాద్రవం చొరబడి, నెమ్మదిగా చల్లారి, పెద్ద స్ఫటికాలుగా గట్టిపడగా ఏర్పడిన పెగ్మటైట్ చారలవి. మీ టెక్కలి వైపు క్వారీల్లో తీసి, నీలి గ్రానైట్ పేరుతో అమ్మే పలకల్లో చాలా రకాలు నిజానికి ఈ గోడలోని నల్లరాయి లాంటి రూపాంతర శిలలే, అంటే భూమి లోతుల్లో వేడికి, ఒత్తిడికి మారిపోయిన రాళ్లే. పాలిష్ పట్టిన పలక మీద అలలు అలలుగా సాగే గీతలను, మధ్య మధ్య ఎర్రని చుక్కల్లా మెరిసే గార్నెట్‌ను మీరు రోజూ చూస్తారు. పెయింటెడ్ వాల్ ఎదుట నిలబడినప్పుడు, అక్కడున్న చాలామంది యాత్రికుల కన్నా ఆ గోడలో మీకు ఎక్కువే కనిపిస్తుంది. వెంట బైనాక్యులర్ ఉంచుకోండి. చలికాలంలో ఈ రోడ్డును విజిటర్ సెంటర్ అవతల మూసేస్తారు, కాబట్టి మే తర్వాత, మంచు మొదలుకాక ముందు వెళ్లేలా చూసుకోండి. ఇక్కడ రాతి ముక్క ఒక్కటి కూడా తెచ్చుకోకూడదు, జాతీయ పార్కుల్లో రాళ్లు తీయడం నేరం.

ప్రశ్న: అమెరికా వెళ్లే స్తోమత మాకు లేదు. ఇలాంటి దృశ్యం మన రాష్ట్రంలో ఎక్కడ చూడవచ్చు?
– ఒక డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: కడప జిల్లా గండికోటకు వెళ్లండి. జమ్మలమడుగుకు దగ్గరలో, పెన్నా నది ఎర్రని రాతిని నిలువుగా కోసిన చోట, దాదాపు 300 అడుగుల లోతు లోయ అంచున పాత కోట ఉంది. గ్రాండ్ కాన్యన్‌తో పోలిస్తే పరిమాణం చిన్నది. కానీ దాని రాళ్లు గ్రాండ్ కాన్యన్ పై పొరల కన్నా ఎంతో పాతవి. పలకలు పేర్చినట్టున్న రాతి అంచులు, వాటి నడుమ నిలువు పగుళ్లు చాలా దగ్గర నుంచి కనిపిస్తాయి. విశాఖపట్నం నుంచి కడప వైపు నేరుగా రైలు ఉంది, అక్కడి నుంచి బస్సులో జమ్మలమడుగు చేరుకోవచ్చు. మధ్యాహ్నం కోటలోని మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం చూసుకుని, ఎండ తగ్గాక లోయ అంచుకు రండి. అక్కడ రెయిలింగు ఉంటుందని అనుకోవద్దు, సాలూరు తాతగారికి చెప్పిన జాగ్రత్తలన్నీ మీకూ వర్తిస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం.

ప్రశ్న: గ్రాండ్ కాన్యన్ టికెట్టు ఎంత? తిండి సంగతేమిటి? మేము శాకాహారులం.
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: పులిహోర, పెరుగన్నం, మీ ఊరి జీడిపప్పు కారులో పెట్టుకుని వెళ్లండి. పార్కులో కూర్చుని తినడానికి బల్లలున్నాయి. ప్లాస్టిక్ సీసాల నీళ్లు 2012 నుంచి పార్కులో అమ్మడం లేదు, ఖాళీ సీసా తీసుకెళ్తే కుళాయిల దగ్గర ఉచితంగా నింపుకోవచ్చు. మన గుళ్ల దగ్గర కోతులకు పెట్టినట్టు అక్కడి ఉడతలకు తిండి పెట్టకూడదు. అవి చేతిని కరుస్తాయి, వాటి ద్వారా జబ్బులు సోకుతాయి, పైగా పెట్టినవారికి జరిమానా వేస్తారు.

ప్రవేశ రుసుము ఒక్క కారుకు 35 డాలర్లు, అది ఏడు రోజులు చెల్లుతుంది. దీనికి తోడు 2026 జనవరి నుంచి, అమెరికాలో నివాసం లేని పదహారేళ్లు, ఆ పైబడిన సందర్శకులకు మనిషికి 100 డాలర్ల చొప్పున అదనపు రుసుమును గ్రాండ్ కాన్యన్‌తో సహా 11 పార్కుల్లో ప్రకటించారు. ఇది మన తల్లిదండ్రులకు వర్తించేదే. విదేశీయుల కోసం 250 డాలర్ల వార్షిక పాసు కూడా ఉంది కాబట్టి, జయాన్, బ్రైస్ వంటి పార్కులు కూడా చూసే ఆలోచన ఉంటే లెక్క వేసుకుని ఏది చవకో అది తీసుకోండి. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కనుక బయలుదేరే వారంలో పార్కు అధికారిక వెబ్‌సైటులో మీ పిల్లల చేత ఒకసారి చూపించుకోండి. ఉత్తర అంచుకు వెళ్లాలనుకునేవారు మరీ ముఖ్యంగా చూసుకోవాలి. 2025 జూలైలో కార్చిచ్చు వల్ల అక్కడి చారిత్రక లాడ్జి కాలిపోయింది, పైగా ఆ అంచును ఏటా చలికాలంలో మూసేస్తారు. పాస్‌పోర్టును, గేటు దగ్గర ఇచ్చిన రసీదును కారులోనే అందుబాటులో ఉంచండి, మర్నాడు మళ్లీ లోపలికి వెళ్లేటప్పుడు చూపించవలసి వస్తుంది.